దస్తావేజుల కొట్టులో వెదకుట

పఠన భాగములు: ఎజ్రా 5:17 – 6:15, లూకా 19:1–10

ఈ నెల పాఠము ఉపాధ్యాయుల నుద్దేశించినది. పిల్లలను సండేస్కూలుకు పంపు తలిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక.

బబులోను చెరనుండి తిరిగి వచ్చిన యూదులు యెరూషలేములో మందిరము కట్టుచుండగా, అధికారియైన తత్తెనై వచ్చి, ఈ పనికి మీకు సెలవిచ్చిన వారెవరని అడిగెను. కోరెషు రాజు తన యేలుబడి మొదటి సంవత్సరమందే ఆజ్ఞ యిచ్చెనని పెద్దలు చెప్పిరి. అది సత్యమే. అయినను నోటిమాట చాలలేదు. తత్తెనై దర్యావేషు రాజునకు ఉత్తరము వ్రాసి, అట్టి ఆజ్ఞ యున్నదో లేదో వెదకింపుమని మనవి చేసెను. రాజు సెలవుచొప్పున బబులోనులో దస్తావేజుల నుంచు కొట్టులో వెదకించిరి. కాగితము దొరికినది మాత్రము మాదీయుల సీమలోని రాజనగరు గల పట్టణములో. ఆ గ్రంథపు చుట్టలో మందిరపు ఎత్తు, వెడల్పు, రాళ్ల వరుసలు, ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనను సంగతి, సమస్తము వ్రాయబడి యుండెను. అది దొరికినందున పని సాగి, దర్యావేషు యేలుబడి ఆరవ సంవత్సరమున మందిరము ముగిసెను.

ఈ సంగతిలో మేము తరచుగా తలపోయునది, వారు వెదకిన తీరు. తాము వెదకుచున్న దేమో వారికి ముందే తెలియును: ఏ రాజు, ఏ సంవత్సరము, ఏ విషయము. ఒకచోట దొరకకపోగా అంతటితో మానక మరియొక చోట చూచిరి. దొరికినదానిని పైపైన చూచి పెట్టక తుదివరకు చదివి, దానిచొప్పున జరిగించిరి.

నేడు మన గ్రామములలోని ఉపాధ్యాయుల చేతిలోనే పెద్ద దస్తావేజుల కొట్టు ఒకటున్నది. సెల్‌ఫోనులో ఇంటర్నెట్ ద్వారా బైబిలు పాఠములు, పటములు, కథలు, పాటలు, పాఠ్యపథకములు లెక్కకు మించి దొరకుచున్నవి. వాటిని వెదకుట ఎట్లు, దొరికినదానిని పరీక్షించుట ఎట్లు అనునదే మన పాఠము.

పాఠము మరియొక చోటినుండి వచ్చుట మనకు క్రొత్త కాదు. 1780లో ఇంగ్లాండు దేశపు గ్లోస్టరు పట్టణమున రాబర్ట్ రేక్స్ అను పత్రికాధిపతి, వారమంతయు పనిచేసి ఆదివారము వీధులలో తిరుగు పిల్లలకు బడి పెట్టించెను. 1872లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున కూడిన సండేస్కూలు మహాసభ, ఒక ఆదివారమున అందరును ఒకే వాక్యభాగమును చదువు ఏకరీతి పాఠముల పద్ధతిని అంగీకరించెను. మన దేశమున 1876లో ఇండియా సండేస్కూలు యూనియన్ అలహాబాదులో ఏర్పడెను. ఆ పాఠములు అచ్చులో వచ్చెను, టపాలో వచ్చెను. వ్రాసినవా రెవరో, అచ్చు వేయించిన సంఘమేదో అట్టమీద నుండెడిది. తప్పు కనబడినయెడల ఉత్తరము వ్రాయుటకు చిరునామా యుండెడిది. ఫోనులో వచ్చు పాఠములలో అనేకములకు ఆ అట్ట లేదు. పాతదానికిని క్రొత్తదానికిని గల భేదములలో మాకు ముఖ్యముగా తోచునది ఇదే.

మా పాస్టరేటులోని ఒక గ్రామమున సండేస్కూలు నడుపు చెల్లి ఇంటర్మీడియెట్ వరకు చదివినది. మిరపకాయల కోతల కాలములో వారమంతయు కూలికి పోవును. ఆదివారము ఉదయమున ఐదేండ్లవారు మొదలు పదునాలుగేండ్లవారి వరకు ముప్పదిమంది పిల్లలు ఆమె యెదుట ఒకే చాపమీద కూర్చుందురు. శనివారము రాత్రి వంట ముగిసిన తరువాత చిక్కిన గంటసేపే ఆమెకు పాఠము సిద్ధపరచుకొను సమయము. ఒకమారు ఆమె జక్కయ్య పాఠమును ఫోనులో వెదకి, మొదట కనబడినదానిని నోటుబుక్కులో ఎత్తి వ్రాసికొనెను. అందున్నది ఇంతే: జక్కయ్య పొట్టివాడు, చెట్టెక్కెను, యేసు అతనిని పిలిచెను, అతనికి స్నేహితుడాయెను. పిమ్మట రంగు కాగితముతో చెట్టు కత్తిరించి జిగురుతో అంటింపవలెను. ఎనిమిదవ వచనము అందులో లేనే లేదు. ఆస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి కట్టెదననియు జక్కయ్య నిలువబడి ఒప్పుకొనని జక్కయ్య పాఠము అది.

మన పిల్లలకు ఆ వచనమే కావలెను. పత్తి కాటా వద్ద తూకములో ఎంత పోయినదో వారు తండ్రుల నోట వినుచున్నారు. రావలసిన కూలి డబ్బు నిలిచిపోయిన ఇండ్లలో వారు పెరుగుచున్నారు. మోసపోయినవారి పిల్లలును, మోసము చేసినవారి పిల్లలును ఆ చాపమీద ప్రక్క ప్రక్కనే కూర్చుందురు. యేసు ఇంటికి వచ్చిన దినమున లెక్కల పుస్తకము తెరువబడెనను సంగతిని తీసివేసి, కాగితపు చెట్టును చేతికిచ్చి పంపుట చిన్న లోపము కాదు. ఆ చెల్లెలి శ్రద్ధలో కొరత లేదు. వెదకుట ఎట్లో ఆమెకు ఎవరును చూపలేదు, అంతే.

కొన్ని చోట్ల ఇంతకంటె సుళువైన మార్గము పట్టిరి. ఫోనును గోడకు ఆనించి వీడియో వేసి, ఉపాధ్యాయుడు ప్రక్కన కూర్చుండును. బొమ్మలు చక్కగానే కదలును, పిల్లలును అల్లరి చేయరు. అయితే వీడియో పిల్లవానిని ప్రశ్నింపదు. పిల్లవాడడిగినదానికి జవాబు చెప్పదు. రెండు వారములు రాని పిల్లను గూర్చి ఇంటికి పోయి విచారింపదు. ఐదు నిమిషములు చూపి ఆపి, దానిమీద మాటలాడుట మేలే. గంటసేపు వేసి ఊరకుండుటను బోధ యనుట మాకు సమ్మతము కాదు.

వెదకుటకు ముందు ఫోనును ప్రక్కన పెట్టవలెను. వాక్యభాగమును మూడుమారులు చదివి, అందులో మన పిల్లలకు తెలియని వేవో కాగితముమీద వ్రాసికొనవలెను. జక్కయ్య పాఠమునకైతే ఇవి: సుంకపు గుత్తదారుడనగా ఎవడు? యెరికో ఎటువంటి ఊరు? నాలుగంతలు అను లెక్క ఎక్కడిది? అతడెక్కిన చెట్టు ఏది? ఈ ప్రశ్నలు చేతిలో నున్నవారు తాము వెదకునది ఎరిగి బయలుదేరినవారు. జక్కయ్య పాఠము అని మాత్రము కొట్టి చూచుట, సంతకు పోయి ఏదో యొకటి యిమ్మని సంచి చాచుట వంటిది.

సెర్చ్ ఇంజను ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసికొనుట మేలు. మనలో పెద్దలకు కాన్కార్డెన్సు అను గ్రంథము తెలియును. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ అనునతడు ఆంగ్ల బైబిలులోని ఏ మాట ఏ వచనములో నున్నదో అక్షరక్రమమున కూర్చి అచ్చు వేయించెను. సెర్చ్ ఇంజను ఇంటర్నెట్ పుటలకు అటువంటి కాన్కార్డెన్సు. మనమడిగిన క్షణమున అది లోకమంతయు తిరిగి రాదు. ముందుగానే పుటలను చదివి, ఏ మాట ఎక్కడ నున్నదో పట్టిక వ్రాసి పెట్టుకొనును. అడిగినప్పుడు ఆ పట్టికను చూచి చెప్పును. దేనిని ముందు చూపవలెననుటకు దానికి కొన్ని కొలత లున్నవి: మన మాటలు ఏ పుటకు సరిపడుచున్నవి, ఇతర పుటలు దేనిని చూపుచున్నవి, ఇత్యాదులు. వాక్యానుసారమైన బోధ ఏదో తూచు త్రాసు దానియొద్ద లేదు. పైగా కొన్ని ఫలితముల చెంత స్పాన్సర్డ్ అని చిన్న అక్షరములుండును. అవి డబ్బు చెల్లించి ముందు వరుసలో కూర్చున్నవి.

మంచి మాటను ఎంచుకొనుటతోనే సగము పని తీరును. బడి ఉపాధ్యాయుల శిక్షణలో ఒక గంట పాఠమునకు వ్రాసికొనుదానిని పాఠ్యపథకము అందురు. ఆంగ్లములో లెసన్ ప్లాన్. ఏడాది పొడుగున బోధింపవలసినవాని పట్టికను పాఠ్యప్రణాళిక అందురు. ఈ రెండవ మాట కొట్టినవారికి ఏడాది పట్టిక దొరకును. శనివారము రాత్రి అది అక్కరకు రాదు. పేర్ల వర్ణక్రమమును గమనింపవలెను. మన పాత అనువాదములో బర్తిమయి అని యున్నవాని పేరును వేరొకరు బర్తిమాయి అనియో బార్తిమయి అనియో వ్రాయవచ్చును. ఒక విధముగా దొరకనిది మరియొక విధముగా దొరకును. తెలుగు అక్షరములు కొట్టుట కష్టమైనవారు మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్పవచ్చును. చెప్పిన తరువాత ఆ పేరును యంత్రము ఎట్లు వ్రాసినదో చూచుకొనవలెను.

రెండు మూడు కిటుకులు నేర్చుకొన్నచో చాల శ్రమ తగ్గును. కొన్ని మాటలు అదే వరుసలో కలిసియుండవలెనన్న, వాటికి ముందు వెనుక కొటేషన్ గుర్తులు పెట్టవలెను. ఒక మాట గల పుటలు వద్దనుకొన్నచో, ఆ మాటకు ముందు ఖాళీ విడువక మైనస్ గుర్తు పెట్టవలెను. మనకు వీడియోలు వద్దుగదా, వీడియో అను మాటకు ముందు ఆ గుర్తు పెట్టి చూడుడి. ఒక్క సంస్థ పుటలలోనే వెదకవలెనన్న, సైట్ అను ఆంగ్లపదమును, వెంటనే నిలువుగా రెండు చుక్కలను, వెంటనే ఆ సంస్థ వెబ్ చిరునామాను కొట్టవలెను. ఆ విధముగానే ఫైల్‌టైప్ అను ఆంగ్లపదమును, రెండు చుక్కలను, పిడిఎఫ్ అను మూడక్షరములను కొట్టినచో, అచ్చు తీసికొనుటకు తగిన కాగితములే వచ్చును. సిగ్నలు బాగుగా నున్న చోట వాటిని దింపుకొని, జిరాక్సు షాపులో ఒక ప్రతి తీయించుకొన్నచో, పిమ్మట నెట్‌తో పని లేదు.

సెర్చ్ ఇంజను సంత వంటిదైన, గ్రంథాలయపు డేటాబేస్ బీరువాల వంటిది. డేటాబేస్ అనగా భయపడ నక్కరలేదు. గ్రంథాలయాధికారి బల్లమీద నుండు పుస్తకముల పట్టికయే కంప్యూటరులో నున్నదనుకొనుడి. అందు పుస్తకము, వ్రాసినవారు, సంవత్సరము, ప్రచురించినవారు, విషయము, ఇవన్నియు ఎవరో చూచి నమోదు చేసియుందురు. మనము పైన చెప్పిన అట్ట ఇక్కడ తిరిగి దొరకును.

ఫోనుకంటె ముందు మండలములోని శాఖా గ్రంథాలయమును తలంచుకొనుడి. 1960 నాటి గ్రంథాలయముల చట్టముచొప్పున ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థలకు మనము కట్టు ఇంటి పన్నుతోపాటు సెస్సు పోవుచున్నది. డబ్బు కట్టుచు లోపలికి అడుగు పెట్టనివారము మనమే. సండేస్కూలు యూనియన్ పుట్టిన 1876లోనే అమెరికాలో మెల్విల్ డ్యూయీ పుస్తకములను అంకెలతో వర్గీకరించు పద్ధతిని ప్రచురించెను. ఆ పద్ధతి వాడు గ్రంథాలయములలో బైబిలునకు 220, క్రైస్తవ విద్యకు 268 అను సంఖ్యలు. పెద్ద ఊళ్లకు పోయినప్పుడు ఆ అంకెలు జ్ఞాపకముంచుకొని బీరువా యొద్దకు పోవచ్చును.

ఫోనులో తెరువదగిన గ్రంథాలయములలో మన దేశపుది నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు నడుపుచున్న దీనిని 2018 జూన్ 19న దేశమునకు అంకితము చేసిరి. అందు భాషను, విషయమును, తరగతిని ఎంచుకొని వడపోయవచ్చును. 2017లో ప్రారంభమైన దీక్ష అను వేదికలో బడి పాఠములున్నవి. మన పిల్లల పాఠ్యపుస్తకములలో కనబడు నల్లని చదరపు క్యూఆర్ గుర్తు దానికి తలుపు. అక్కడ బైబిలు పాఠము లుండవు. అయితే బడిపంతుళ్లు చిన్న పిల్లలకు కథ ఎట్లు చెప్పుదురు, ప్రశ్న ఎట్లు వేయుదురు అనునది మనకు కావలసినదే.

ఆంగ్లము కొంచెము చదువగలవారికి ఎరిక్ అను డేటాబేస్ మిక్కిలి ఉపయోగము. అమెరికా విద్యాశాఖవారు 1960లలో ఆరంభించినది. వెదకుటకు రుసుము లేదు. అందు వ్యాసములను విషయపు పేర్లతో కట్టలు కట్టిరి. లెసన్ ప్లాన్స్ అనునది అట్టి పేరు. వేరువేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో నున్న బడులను గూర్చినవి మల్టీగ్రేడెడ్ క్లాసెస్ అను పేరు క్రింద నున్నవి. ఐదేండ్లవారిని పదునాలుగేండ్లవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టుకొన్న మన చెల్లెలికి ఇంతకంటె తగిన బీరువా ఏది? పూర్తి వ్యాసము అక్కడనే దొరకువాటిని మాత్రమే చూపుమని ఒక గడి నొక్కవచ్చును.

పాత పుస్తకములకు ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో బ్రూస్టర్ కాల్ అనునతడు స్థాపించినది. తెలుగు పుస్తకముల పుటలు ఫోటో తీసి అందు వేలకొలది యుంచబడినవి. చిక్కేమనగా, వాటి పేర్లను తరచుగా ఆంగ్ల అక్షరములతో, తలకొక విధముగా వ్రాసిరి. బోధ అను మాటకు ధ అక్షరము క్రింద హెచ్ పెట్టినవారున్నారు, పెట్టనివారున్నారు. రెండు విధములుగా కొట్టి చూడవలెను. ఆంగ్ల బైబిలు నిఘంటువులు, వ్యాఖ్యానములు కావలసినవారికి అమెరికాలోని ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీవారు తెరచి యుంచిన థియలాజికల్ కామన్స్ అను గ్రంథాలయము కలదు. 1897 నాటి ఈస్టన్ నిఘంటువు వంటి పాతవాటికి ఇంటర్నెట్‌లో వెల లేదు.

ఇప్పుడు జక్కయ్య ప్రశ్నలను తీసికొందము. మూడవదానికి ఫోనుతో పనియే లేదు. మన బైబిలు చాలును. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడు, లేక చంపినవాడు, నాలుగు గొఱ్ఱెలు ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయము మొదటి వచనములో నున్నది. తన తప్పు తానే ఒప్పుకొన్నవాడైతే మొత్తమును, దానిమీద అయిదవ వంతును కట్టవలెనని సంఖ్యాకాండము 5:7. జక్కయ్య తానే ఒప్పుకొన్నవాడు. అయిదవ వంతుతో సరిపెట్టుకొనవచ్చును. అతడు దొంగకు వేసిన లెక్కను తనకు వేసికొనెను. ఈ సంగతి చెప్పిన పాఠము దొరికినయెడల దానిని దాచుకొనుడి.

గుత్తదారుని సంగతి నిఘంటువులో దొరకును. రోమీయుల యేలుబడిలో సుంకము వసూలు చేయు హక్కును గుత్తకిచ్చెడివారు. గుత్త మొత్తము ముందే నిర్ణయము. దానిపైన రాబట్టుకొన్నది గుత్తదారునిది. ఇది చదివిన మన ఉపాధ్యాయుడు పాలస్తీనా వరకు పోనక్కరలేదు. మన వారపు సంతలో ఆశీలు వేలంపాట పాడినవాడు, కూరగాయల గంప దింపకమునుపే చీటీ చింపి చేయి చాచుట మన పిల్లలందరు చూచినదే. ఆ గుత్తదారులకు పెద్ద జక్కయ్య. యెరికో యోర్దాను దాటి యెరూషలేమునకు పోవు దారిలోని ఊరు. ఖర్జూరములకును, సువాసన గల గుగ్గిలపు తోటలకును పేరుపొందినదని యూదుల చరిత్రకారుడైన జోసీఫస్ వ్రాసెను. సరకు నడచు దారి, విలువైన సరకు. సుంకపువానికి అంతకంటె మంచి చోటు లేదు.

చెట్టు విషయములో మనకొక మేలు కలదు. ఆంగ్ల పాఠములలో సికమోర్ అని యుండును. అమెరికాలో ఆ పేరుతో పిలుచు చెట్టు వేరు, ఇంగ్లాండులో ఆ పేరు గల చెట్టు మరియొకటి. రెండును జక్కయ్య ఎక్కిన చెట్టు కావు. అందుచేత అక్కడి పిల్లల కొరకు గీసిన ఆకుల బొమ్మలు కొన్నిటిలో చూడ ముచ్చటగా నుండును గాని, యెరికోలోని చెట్టువి కావు. లూకా చెప్పినది అత్తి జాతి చెట్టు. కాయలు గుత్తులు గుత్తులుగా మ్రానును కొమ్మలను పట్టుకొని కాయును. మన అనువాదకులు దానికి మేడి చెట్టు అని వ్రాసిరి. మన మేడి అచ్చముగా ఆ చెట్టే కాకపోయినను దానికి దగ్గరి చుట్టము. ఆమోసు ప్రవక్త ఏరుకొన్నవియు మన బైబిలులో మేడిపండ్లే. కాగితమును జిగురును ఎందుకు కొనవలెను? ఆరాధన అయిన తరువాత వాగు ఒడ్డునున్న మేడి చెట్టు క్రిందికి పిల్లలను తీసికొనిపోయి అక్కడనే పాఠము చెప్పవచ్చును. ఎక్కనియ్యవద్దు, మేడి కొమ్మ నమ్మరానిది.

పెద్ద పిల్లలకు పలకమీద ఒక లెక్క. జక్కయ్య ఆస్తి 10,000 రూపాయలనుకొనుడి. సగము, అనగా 5,000 బీదలకు పోయెను. అన్యాయముగా తీసినది 400 అయినయెడల నాలుగంతలు 1,600. అతనికి మిగిలినది 3,400. ఎంత మోసము చేసియుండినచో అతనికి ఏమియు మిగులదు? 1,250 అని ఏడవ తరగతి పిల్ల చెప్పగలదు. చెప్పిన తరువాత కొంతసేపు ఊరకుండుడి. వారు ఆలోచించుకొందురు.

సౌలు తన కవచమును దావీదునకు తొడిగించెను. అది మంచి కవచమే, రాజు కవచము. అలవాటు లేనందున దావీదు దానిని విడిచి, వాగులోని రాళ్లను ఏరుకొనెను. దొరికిన పాఠ్యపథకములలో అనేకములు సౌలు కవచములే. ప్రొజెక్టరు, రంగుల అచ్చు, తరగతికి ఎనిమిదిమంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్నచోట వ్రాసినవి అవి. వాటినుండి ఒక ప్రశ్నను, ఒక పోలికను తీసికొని మిగిలినది విడుచుటలో అమర్యాద ఏమియు లేదు.

దొరికిన ప్రతి పాఠమును బెరయవారి యెదుట పెట్టవలెను. పౌలు చెప్పినదానినే వారు దినదినము లేఖనములతో సరిచూచుకొనిరని అపొస్తలుల కార్యములు 17:11 చెప్పుచున్నది. ఇంటర్నెట్ పాఠములు పౌలుకంటె పెద్దవి కావు. తూర్పునుండి వచ్చిన జ్ఞానులు ముగ్గురని పాఠము చెప్పునా? మత్తయి వారి లెక్క చెప్పలేదు. ఏదెనులో ఆపిలు పండని బొమ్మ వేసిరా? ఆదికాండములో పండు పేరు లేదు. నోవహు ఓడలోనికి అన్నియు జతగానే పోయినవందురా? పవిత్ర జంతువులను గూర్చి 7:2 చదువుడి. ఇవి చిన్నవి. ఇంత చిన్నవి సరిచూడని పాఠము పెద్దవాటిలో ఏమి చేసినదో చూడవలెను: ఎనిమిదవ వచనమును విడిచినట్లు దేనిని విడిచినది? కానుక పంపినవారికి స్వస్థత యని యెక్కడైన చొప్పించినదా? వ్రాసినవారి పేరు, సంఘము పేరు లేని పాఠమును మేము పిల్లల యొద్దకు తీసికొనిపోము.

ఇటీవల సెర్చ్ ఇంజనులు పుటలను చూపుటకు ముందే, కృత్రిమ మేధ కూర్చిన జవాబు నొకదానిని పైన పెట్టుచున్నవి. పాఠ్యపథకము వ్రాసి యిమ్మన్నచో ఆ యంత్రము నిమిషములో వ్రాసి యిచ్చును. భాష నున్నగా నుండును. అయితే లేని వచనమును ఉన్నట్లు, ఒక వచనపు సంఖ్యను మరియొకదానికి తగిలించి చెప్పుటయు కలదు. అది ఇచ్చిన ప్రతి సంఖ్యను అచ్చు బైబిలులో తీసి, వ్రేలు పెట్టి చదివిన తరువాతనే నోటుబుక్కులో వ్రాసికొనవలెను.

మరియొక మాట. ఇంటర్నెట్‌లో నున్నదంతయు ఊరి చెరువు నీరు కాదు. మన దేశపు చట్టములో రచయిత మరణించిన పిదప 60 సంవత్సరముల వరకు అతని రచనపై హక్కు నిలుచును. క్రియేటివ్ కామన్స్ అని గుర్తు గలవాటిని, అందు చెప్పిన షరతులచొప్పున పంచుకొనవచ్చును. ఒకరి పాఠమునుండి ఎత్తి వ్రాసినప్పుడు వారి పేరును, దొరికిన చోటును, చూచిన తేదీని ప్రక్కన వ్రాయుడి. మరుసటి యేడు అదే పాఠము వచ్చినప్పుడు తిరిగి వెదకు పనియు తప్పును.

వచ్చు నెల పాఠము గ్రుడ్డివాడైన బర్తిమయి, మార్కు 10:46–52. ఇదియు యెరికోలోనే. ముందు మార్కును, లూకా 18:35–43ను, మత్తయి 20:29–34ను ప్రక్క ప్రక్కన పెట్టి చదువుడి. యేసు ఊరిలోనికి వచ్చుచుండెనా, వెళ్లుచుండెనా? గ్రుడ్డివారు ఒకరా, ఇద్దరా? పిల్లలు అడుగుదురు. పిమ్మట ఫోను తెరచి రెండు పాఠ్యపథకములను వెదకి, ఈ ప్రశ్నలను అవి ఎదుర్కొన్నవో దాటిపోయినవో గుర్తు వేసి, ఉపాధ్యాయుల కూటమునకు తీసికొని రండి. ఫోనులకు ఛార్జింగు పెట్టుకొని రండి. బైబిలు మాత్రము అచ్చుదే తేవలెను.